ఒకటో తేదీ దాటాక: వికలాంగుల రాజకీయం పింఛను దగ్గరే ఎందుకు ఆగుతోంది?

ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల గురించి రాజకీయ పార్టీలు మాట్లాడే మాట చాలాకాలంగా ఒక్క అంకె చుట్టూనే తిరుగుతోంది. ఆ అంకె పింఛను. 2014లో 40 నుంచి 79 శాతం వైకల్యం ఉన్నవారికి 1,000 రూపాయలు, 80 శాతం, ఆపైన ఉన్నవారికి 1,500 రూపాయలుగా ఉన్న మొత్తం 2019 నాటికి 3,000కు చేరింది. 2024 జులై 1న గుంటూరు జిల్లా తాడేపల్లి మండలం పెనుమాకలో ముఖ్యమంత్రి స్వయంగా పంపిణీ మొదలుపెట్టిన నాటి నుంచి అది 6,000 అయింది. పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి 15,000 వస్తోంది. కేంద్రం ఇందిరాగాంధీ జాతీయ వికలాంగుల పింఛను పథకం కింద, అదీ పేద కుటుంబాల్లో 80 శాతం వైకల్యం ఉన్నవారికి మాత్రమే, నెలకు 300 రూపాయలు ఇస్తుందన్నది గుర్తుంచుకుంటే రాష్ట్రం ఎంత ముందుందో తెలుస్తుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్ ప్రకారం సామాజిక భద్రతా పథకాల్లో ఇతరులకు ఇచ్చేదానికంటే వికలాంగులకు కనీసం 25 శాతం ఎక్కువ ఇవ్వాలి. వృద్ధాప్య పింఛను 4,000 కాబట్టి ఆ లెక్కన 5,000 ఇవ్వాలి. ఇక్కడ అంతకు మించే అందుతోంది. ఈ మేలును తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం.

పింఛను చాలా ఇళ్లలో వికలాంగుల స్థానాన్ని మార్చింది. మందులకో, కాలికి ఊతంగా బిగించుకునే క్యాలిపర్ మరమ్మతుకో, ఆటో కిరాయికో మరొకరి ముందు చేయి చాచే అవసరం తగ్గింది. అన్నదమ్ముల పంచన ఉండే వికలాంగురాలి మాటకు ఆ ఆరు వేలు ఇచ్చిన బరువును ఎవరూ కాదనలేరు. సంఘాలు ఏళ్ల తరబడి ధర్నాలు చేసి, అరెస్టులై, రోడ్ల మీద బైఠాయించి సాధించుకున్న ఫలితమిది. ఏ పార్టీ అయినా ఈ డిమాండుకు త్వరగా స్పందించడానికి కారణం కూడా స్పష్టంగానే ఉంది. మేనిఫెస్టోలో అది ఒక్క వాక్యంలో ఇమిడిపోతుంది. ఒకటో తేదీ ఉదయమే సచివాలయ ఉద్యోగి గుమ్మంలో నిలబడి ఇచ్చి వెళతారు. ఇచ్చిన ప్రభుత్వం ఏదో పుచ్చుకున్నవారికి తెలుస్తుంది. ర్యాంపు వాలు, బస్సు మెట్టు ఎత్తు, సంజ్ఞాభాష తెలిసిన మనిషి, భర్తీ కాని బ్యాక్‌లాగ్ పోస్టులు, వీటిలో ఏదీ అలా చేతిలో పెట్టగలిగేది కాదు. అందువల్ల ఒకటో తేదీన ప్రభుత్వానికి స్పష్టంగా కనబడే మనిషి, ఆ తేదీ దాటాక రోడ్డు వేసేవారికీ, బడి కట్టేవారికీ, బస్సు కొనేవారికీ కనబడకుండా పోతున్నారు. వికలాంగులు ఇప్పుడు రాజకీయంగా అడగవలసినవన్నీ ఈ తేడాలోంచే పుడుతున్నాయి.

ఆ తేడా ప్రాణాల మీదికి ఎలా వస్తుందో విజయవాడకు 2024 సెప్టెంబరు 1న అర్థమైంది. బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజీవ్‌నగర్ ప్రాంతాలు నీట మునిగాయి. అంతకు ముందురోజే మొగల్రాజపురంలో కొండచరియ విరిగిపడి ప్రాణాలు పోయాయి. వరద అందరికీ వరదే, కానీ అందరికీ ఒకేలా రాదు. చెవులు వినబడనివారికి మైకులో చేసే హెచ్చరిక చేరదు. చూపు లేనివారికి రోజూ చేతితో తడిమి, పాదంతో గుర్తుపట్టే వీధి మొత్తం నీళ్ల కింద మాయమవుతుంది. చక్రాల కుర్చీలో ఉన్నవారిని పై అంతస్తుకు మోయడానికి ఇద్దరు మనుషులు కావాలి, అక్కడినుంచి పడవలోకి దించడానికి నలుగురు కావాలి. కరెంటు లేక గాలిపరుపు పనిచేయకపోతే వెన్నుపూస దెబ్బతిన్న మనిషికి రెండు రోజుల్లో పుండ్లు పడతాయి. వరద తగ్గాక అవి మానడానికి నెలలు పడుతుంది.

2016 చట్టం 8వ సెక్షన్ ఈ పరిస్థితిని ఊహించే రాసినది. జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ తన జిల్లాలోని వికలాంగుల వివరాలను నమోదు చేసి ఉంచుకోవాలనీ, ముప్పు ఉన్నప్పుడు వారికి ముందుగా తెలియజేయాలనీ అది స్పష్టంగా చెబుతోంది. ఆ జాబితా కొత్తగా తయారుచేయనవసరం లేదు. ఎవరి ఇల్లు ఏ సందులో ఉందో, ఎవరు మంచం దిగలేరో, ఎవరికి ఎంత శాతం వైకల్యం ఉందో ప్రతినెలా తలుపు తట్టే వార్డు సచివాలయానికి తెలుసు. పింఛను పంచడానికి పనికొచ్చే ఆ జాబితా పడవ నడిపేవారి చేతికి, మందులు మోసేవారి చేతికి నిమిషాల మీద చేరే ఏర్పాటు ముందుగానే రాసిపెట్టి ఉండాలని, ఏటా ఒకసారి దాన్ని రిహార్సల్ చేసి చూడాలని అడగడం వికలాంగుల మొదటి డిమాండుల్లో ఒకటి కావాలి. దీనికయ్యే ఖర్చు దాదాపు శూన్యం. కావలసినదల్లా రెండు శాఖలు ఒకే కాగితాన్ని చూడటం.

వరదలాంటి పెద్ద ఆపద లేని రోజుల్లో కూడా ఈ నగరం చాలామందికి దాటలేని మెట్టుగానే ఉంటుంది. కొత్తపేట, మొగల్రాజపురం, క్రీస్తురాజపురం, విద్యాధరపురం కొండల మీద వేలాది కుటుంబాలు నివసిస్తున్నాయి. ఆ ఇళ్లకు దారి అంటే మెట్లే. ఏ రెండు మెట్ల ఎత్తూ ఒకలా ఉండదు. కొన్నిచోట్ల రాతినే చెక్కి మెట్టు చేశారు, కొన్నిచోట్ల పక్కింటి అరుగే మెట్టు. క్యాలిపర్ వేసుకున్న మనిషి ఆ దారిలో కిందికి రావాలంటే ఒక చేయి గోడకు ఆనించి, ముందు చంకకర్రను కింది మెట్టు మీద నిలిపి, తర్వాత క్యాలిపర్ కాలును దించి, అది కుదురుకుందని నమ్మకం కుదిరాక రెండో కాలును దించాలి. ఎదురుగా బిందెతో ఎవరైనా ఎక్కి వస్తుంటే గోడకు అంటుకుపోయి ఆగాలి. మూడు చక్రాల స్కూటీ కొండ కింద ఎవరి ఇంటి ముందో, వారి మంచితనం మీద ఆధారపడి ఉంటుంది. వాన పడిన రోజు పనికి వెళ్లడం ఉండదు. పింఛను మాత్రం ఇంటికే వస్తుంది, మనిషి దిగే దారే లేదు. మెట్ల పక్కన ఇనుప కమ్మీ వేయడం, మెట్ల ఎత్తు సమం చేయడం, కొండ కింద బండి పెట్టుకునే చోటు చూపించడం కార్పొరేషన్ వార్డు పనుల స్థాయిలో జరిగిపోయే పనులు.

కార్పొరేషన్‌ను అడగడానికి రాజ్యాంగంలోనే ఆధారం ఉంది. ఏడో షెడ్యూలు రాష్ట్ర జాబితాలోని తొమ్మిదో అంశం వికలాంగులకూ, పనిచేయలేనివారికీ సహాయం చేసే బాధ్యతను రాష్ట్రానికి అప్పగించింది. 74వ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలు వికలాంగులు సహా బలహీన వర్గాల ప్రయోజనాలను కాపాడటాన్ని పురపాలక సంస్థల పనుల్లో చేర్చింది. మొదటిదాని వాడుక మాట సహాయం, రెండోదానిది ప్రయోజనాల రక్షణ. మన రాజకీయం మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. విజయవాడలో 64, గుంటూరులో 57 డివిజన్లు ఉన్నాయి. ఈ 121 డివిజన్లలో కార్పొరేటర్‌గా పోటీచేసే ప్రతి అభ్యర్థినీ పింఛను గురించి కాకుండా ఫుట్‌పాత్ గురించి, పబ్లిక్ మరుగుదొడ్డి తలుపు వెడల్పు గురించి అడగగలిగితే చర్చ దానంతటదే మలుపు తిరుగుతుంది. పింఛను మొత్తాన్ని పెంచే అధికారం కార్పొరేటర్‌కు లేదు, ఫుట్‌పాత్ మీద అడ్డంగా నిలబెట్టిన కరెంటు స్తంభం గురించి కౌన్సిల్‌లో నిలదీసే అధికారం ఉంది.

బస్సు విషయం క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో మహిళలకు స్త్రీశక్తి పథకం కింద ఉచిత ప్రయాణం అందుబాటులోకి వచ్చింది, అందులో వికలాంగ మహిళలూ ఉన్నారు. పల్లెవెలుగు బస్సు మొదటి మెట్టు మోకాలి ఎత్తున ఉన్నంతకాలం టిక్కెట్టు ధర సున్నా అయినా వారిలో కొందరికి ఆ బస్సు లేనట్టే. కొత్త బస్సుల కొనుగోలు ఒప్పందంలో తక్కువ ఎత్తు నేల ఉన్న బస్సులు ఎన్ని అన్న ప్రశ్న టెండరుకు ముందు అడగవలసినది. బస్సులు వచ్చాక అడిగితే పదిహేనేళ్లు ఆగాలి.

పింఛనులో కూడా ఇంకా తేలని పెద్ద సమస్య ఒకటి ఉంది. మొత్తం ఎంత అన్నది తేలింది, అది హక్కా కాదా అన్నది తేలలేదు. రాష్ట్ర పింఛను ప్రభుత్వ ఉత్తర్వు మీద నడుస్తుంది, దానికి తలుపు సదరం సర్టిఫికెట్, అంటే ప్రభుత్వ ఆసుపత్రిలో వైకల్య శాతాన్ని ధ్రువీకరించి ఇచ్చే పత్రం. స్లాటు దొరకాలి, ఆ రోజు ఆసుపత్రికి చేరాలి, డాక్టరు వేసే శాతం కనీసం 40 ఉండాలి. ఎముక వంకరను, కంటిచూపును కొలిచినంత తేలికగా మానసిక అనారోగ్యాన్నో, తలసేమియానో శాతాల్లోకి దించలేం. ఒక నెల బాగుండి, మరో నెల మంచం పట్టే జబ్బులు చట్టం గుర్తించిన 21 రకాల్లో కొన్ని ఉన్నాయి. 2025లో రాష్ట్రమంతటా జరిగిన పునఃపరిశీలనలో అనేకమందికి శాతం తగ్గిందనో, వైకల్యం తాత్కాలికమనో నోటీసులు అందాయి. ఆందోళనలు చెలరేగాక, అప్పీలు చేసుకున్నవారికి పింఛను ఆపబోమని ప్రభుత్వం ప్రకటించవలసి వచ్చింది. దొంగ సర్టిఫికెట్లు ఉన్నాయన్నది నిజమే, వాటివల్ల మొదట నష్టపోయేది నిజమైన వికలాంగులే కాబట్టి ఏరివేతను తప్పుపట్టలేం. కానీ పరిశీలన ఎన్నేళ్లకోసారి జరగాలి, ఎవరిని మళ్లీ పిలవకూడదు, అప్పీలు ఎన్ని రోజుల్లో తేలాలి, తేలేదాకా పింఛను కొనసాగాలా అన్నవి శాసనసభ ఆమోదించిన చట్టంలో రాసి ఉంటే, తెగిపోయిన కాలును చూపించడానికి మనిషి రెండోసారి క్యూలో నిలబడవలసిన దుస్థితి వచ్చేది కాదు. సర్టిఫికెట్ నిర్ణయంపై అప్పీలుకు 2016 చట్టం 59వ సెక్షన్ వీలు కల్పించింది. గడువులను ఖరారు చేసి దానికి ప్రాణం పోయవలసింది రాష్ట్రమే.

ఓటు హక్కు దగ్గర కొంత ముందడుగు పడింది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారు, 85 ఏళ్లు దాటినవారు 12డి ఫారం ఇచ్చి ఇంటి నుంచే ఓటు వేసే సౌకర్యాన్ని 2024 లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతటా కల్పించారు. అదే సమయంలో, మే 13న, ఆంధ్రప్రదేశ్ శాసనసభకూ పోలింగ్ జరిగింది. మే నెల గుంటూరు ఎండ తెలిసినవారికి ఈ సౌకర్యం విలువ వేరే చెప్పనక్కరలేదు. అయితే నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లోనే ఫారం ఇవ్వాలన్న నిబంధన చాలామందికి గడువు ముగిశాకే తెలుస్తుంది. ఓటు యంత్రం మీద మీటల పక్కన బ్రెయిలీ అంకెలు ఉంటాయి. నడివయసులో చూపు పోయినవారిలో బ్రెయిలీ వచ్చినవారు తక్కువ. వచ్చినవారు కూడా తమ ఓటు ఎవరికి పడిందో సరిచూసుకోలేరు, ఎందుకంటే వీవీప్యాట్ అద్దం వెనక ఏడు సెకన్లు కనబడే చీటీ చూపున్నవారికే చదవడానికి వీలవుతుంది. ఎన్నికల నిర్వహణ నియమాల్లోని 49ఎన్ నియమం కింద తోడు తీసుకువెళ్లవచ్చు, అప్పుడు రహస్య ఓటు ఇద్దరికి తెలిసిన ఓటు అవుతుంది. ఇక ర్యాంపు. గడప అడుగు ఎత్తుంటే ర్యాంపు పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్నది ప్రమాణం. గడపకు ఆనించి వాల్చిన చెక్కపలక మీద చక్రాల కుర్చీ వెనక్కి జారుతుంది, తోసేవారు కూడా జారతారు. పోలింగ్ బూతులు ఎక్కువగా బడుల్లోనే ఉంటాయి కాబట్టి సరైన కొలతతో సిమెంటు ర్యాంపు ఒకసారి కడితే, ఐదేళ్లకోసారి వచ్చే ఓటరుకే కాదు, రోజూ వచ్చే పిల్లలకూ దారి ఏర్పడుతుంది.

మానసిక అనారోగ్యం ఉన్నవారి సంగతి వేరు. మతిస్థిమితం లేకపోవడాన్ని ఓటరుగా అనర్హతకు కారణంగా చూపవచ్చని రాజ్యాంగం 326వ అధికరణం అంటోంది. న్యాయస్థానం ప్రకటించినప్పుడే అది వర్తిస్తుందని ప్రజాప్రాతినిధ్య చట్టం పరిమితి పెట్టింది. ఆచరణలో న్యాయస్థానం దాకా వెళ్లే అవసరమే రావడం లేదు, ఇంట్లోవారే ఓటరు కార్డు తీయించరు. ఈ వర్గం గొంతు వికలాంగ సంఘాల్లో కూడా చాలా సన్నగా వినిపిస్తుందని ఒప్పుకోవాలి.

సంఖ్యాబలం లేకనా ఈ నిర్లక్ష్యం? 2011 జనగణన ప్రకారం దేశంలో 2.68 కోట్ల మంది, అంటే జనాభాలో 2.21 శాతం, వికలాంగులు. అప్పుడు లెక్కించినవి ఎనిమిది విభాగాలే కనుక ఆ అంకె తక్కువ లెక్క అన్నది అందరికీ తెలిసిందే. ఆ తక్కువ లెక్కను పట్టుకున్నా, రెండు లక్షల ఓటర్లున్న నియోజకవర్గంలో నాలుగు వేలకు పైగా వికలాంగ ఓటర్లు ఉంటారని అంచనా వేయవచ్చు. 2019 ఎన్నికల్లో విజయవాడ సెంట్రల్ శాసనసభ స్థానంలో గెలుపోటముల తేడా 25 ఓట్లు. అదే ఏడాది గుంటూరు లోక్‌సభ స్థానంలో మెజారిటీ 4,205. ఇంత తేడాలున్న చోట వికలాంగుల ఓటును ఏ అభ్యర్థీ పక్కన పెట్టలేడు, అది ఒక ఓటుగా కూడుకుంటే. కూడుకోకపోవడానికి కారణాలు లోతైనవి. కులానికి పేట ఉంటుంది, వృత్తికి యార్డు ఉంటుంది, వైకల్యానికి వీధి ఉండదు. అది అన్ని కులాల్లో, అన్ని వీధుల్లో, ఇంటికొకరుగా చెదిరి ఉంటుంది. పైగా ఆ ఒక్కరి ఓటు ఎటు వేయాలో చాలా ఇళ్లలో తోడు వచ్చినవారే చెబుతారు.

అవసరాలూ ఒక్కటి కావు. చూపు లేని డిగ్రీ విద్యార్థికి స్క్రీన్ రీడర్ చదవగలిగే పాఠ్యపుస్తకం, పరీక్షలో తాను చెప్పింది రాసిపెట్టే స్క్రైబ్ కావాలి. బధిర దంపతులకు ఆసుపత్రిలో, పోలీస్ స్టేషన్‌లో సంజ్ఞాభాష తెలిసిన మనిషి కావాలి. ఆటిజం ఉన్న పిల్లవాడి తల్లికి మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో రోజూ ఉండే శిక్షకులు కావాలి. అంతకంటే ఎక్కువగా, తమ తర్వాత వీడిని చూసేదెవరన్న ప్రశ్నకు జవాబు కావాలి. అలాంటి పిల్లలకు పెద్దయ్యాక సంరక్షకులను నియమించే స్థానిక కమిటీ 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన ఉంటుందన్న సంగతి చాలామంది తల్లిదండ్రులకు చేరలేదు. పింఛను ఒక్కటే వీరందరికీ ఉమ్మడి విషయం కావడం వల్ల సంఘాల జెండా మీదికి అదే ఎక్కింది. ఇందులో సంఘాల తప్పు వెతకడం సబబు కాదు.

పేర్ల విషయంలో మాత్రం ప్రభుత్వాలు ఎంతో ఉదారంగా ఉన్నాయి. వికలాంగులు దివ్యాంగులయ్యారు, శాఖ పేరులో విభిన్న ప్రతిభావంతులయ్యారు. హక్కుల కోసం కొట్లాడే సంఘాలు చాలావరకు తమ పేర్లలో వికలాంగులు అన్న పాత మాటనే ఉంచుకున్నాయి.

ప్రాతినిధ్యం ప్రశ్న ఇక్కడే వస్తుంది. పసితనంలో పోలియో సోకి ఊతకర్రలతో నడిచిన ఎస్.జైపాల్ రెడ్డి 1969లో కల్వకుర్తి నుంచి శాసనసభకు వెళ్లి, కేంద్రంలో పట్టణాభివృద్ధి, పెట్రోలియం శాఖలు నిర్వహించి, ఉత్తమ పార్లమెంటేరియన్‌గా గౌరవం పొందారు. తెలుగువారు గర్వించదగిన జీవితం అది. అది ఆయన మేధకు, వాగ్ధాటికి దక్కిన గెలుపు. వ్యవస్థ వేసిన దారి కాదు. దారి వేయడం ఎలాగో పొరుగున తమిళనాడు 2025 ఏప్రిల్‌లో చూపించింది: పట్టణ, గ్రామీణ స్థానిక సంస్థల్లోకి వికలాంగులను నామినేట్ చేసేందుకు శాసనసభ బిల్లులు ఆమోదించింది. మన కార్పొరేషన్లలో మైనార్టీలకు కో-ఆప్షన్ సభ్యత్వం ఇచ్చే పద్ధతి ఎప్పటినుంచో ఉంది కాబట్టి ఇక్కడ కొత్తగా కనిపెట్టవలసినదేమీ లేదు. నామినేటెడ్ సభ్యులు పార్టీ మనుషులే అవుతారన్న అభ్యంతరం బలమైనదే. అయినా మెట్లెక్కలేని ఒక సభ్యుడు కౌన్సిల్ హాలులోకి రావలసి ఉంటే, కౌన్సిల్ హాలుకు ర్యాంపు ఉందా అన్న ప్రశ్న మొదటి సమావేశం నాడే తేలిపోతుంది.

అడిగే పద్ధతిలోనూ మార్పు అవసరం. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు చేతితో తిప్పే మూడు చక్రాల బళ్ల మీద, చంకకర్రల మీద వచ్చి అర్జీ ఇచ్చేవారు ప్రతివారం ఉంటారు. ఆ అర్జీ ఒక మనిషి కష్టానికి దారి చూపవచ్చు, పద్ధతిని మార్చలేదు. పద్ధతిని ప్రశ్నించడానికి 2016 చట్టం రాష్ట్ర వికలాంగుల కమిషనర్ పదవిని ఏర్పరచింది. కమిషనర్ చేసిన సిఫార్సుపై ఏం చర్య తీసుకున్నదీ సంబంధిత అధికారి మూడు నెలల్లో తెలియజేయాలి. ఒకే రకమైన యాభై అర్జీలను కలిపి ఒక ఫిర్యాదుగా కమిషనర్ ముందు పెట్టడం ధర్నా చౌక్‌లో కూర్చోవడమంత కంటికి కనబడదు గాని, దానికి గడువు ఉంటుంది, జవాబు కాగితం మీద ఉంటుంది. ధర్నా కూడా మానుకోవలసినది కాదు. ధర్నాలు లేకపోతే పింఛను ఇక్కడిదాకా వచ్చేదే కాదు.

న్యాయస్థానాల్లో వచ్చిన ఫలితం వీటన్నిటికంటే పదునైనది. రాజీవ్ రతూరి కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు, అందుబాటు ప్రమాణాలను పాటిస్తే మంచిదన్న సలహాల స్థాయిలో వదిలేసిన, 2016 చట్టం కింద చేసిన నియమాల్లోని 15వ నియమం మాతృచట్టానికే విరుద్ధమని తేల్చి, తప్పనిసరిగా పాటించవలసిన ప్రమాణాలను మూడు నెలల్లో రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన అధ్యయనం చేసింది హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయంలోని వికలాంగ అధ్యయన కేంద్రం. పాత ప్రభుత్వ భవనాలను అందుబాటులోకి తేవడానికి చట్టం ఇచ్చిన ఐదేళ్ల గడువు 2022లోనే ముగిసింది. పాతవాటికి తలుపులు వెడల్పు చేయడం, లిఫ్టు గోతులు తవ్వడం ఖర్చుతో, కాలంతో కూడిన పని అని ఎవరైనా ఒప్పుకుంటారు.

కొత్తవాటికి ఆ సాకు చెల్లదు. 2025 మే 2న అమరావతి పనులు తిరిగి మొదలయ్యాయి. శాసనసభ, హైకోర్టు, సచివాలయ భవనాలు గుంటూరు జిల్లా నేల మీద పునాదుల నుంచి లేస్తున్నాయి. ర్యాంపు వాలు, లిఫ్టులో బ్రెయిలీ మీటలు, మాట్లాడే లిఫ్టు, చక్రాల కుర్చీ తిరిగేంత మరుగుదొడ్డి, బధిరులకు వెలుగుతో హెచ్చరించే అగ్నిమాపక అలారం, సాక్షి బోనులోకి మెట్టు లేని దారి, సందర్శకుల గ్యాలరీలో కుర్చీ నిలుపుకునే చోటు, ఇవన్నీ నక్షా దశలో గీత మార్చినంత పని. ఆ నక్షాలను చూసే కమిటీల్లో చూపు లేనివారు, చక్రాల కుర్చీ వాడేవారు, బధిరులు జీతం తీసుకునే సలహాదారులుగా కూర్చోవాలని విజయవాడ, గుంటూరు నగరాల సంఘాలు ఇప్పుడే అడగాలి, స్లాబులు పడ్డాక కాదు. 2016 చట్టం 44వ సెక్షన్ ప్రకారం అందుబాటు ప్రమాణాలకు లోబడని నక్షాకు అనుమతి ఇవ్వకూడదు, వాటిని పాటించని కట్టడానికి పూర్తయినట్టు ధ్రువపత్రం కూడా ఇవ్వకూడదు. చట్టాలు చేసే భవనానికీ, చట్టాలు చదివి తీర్పు చెప్పే భవనానికీ ఆ సెక్షన్ వర్తిస్తుంది.